వార్త మారినా... ఫీడు మారదేం?

* ఆర్‌ఎస్‌ఎస్‌కు ‘క్యాష్’ చిక్కులు
* పాత నకలు ఎక్కడ నిలిచిందో తేలితేనే పరిష్కారం
* తెలుగు సైట్లకు అదనపు తలనొప్పులు

రహమత్‌నగర్: జూబ్లీహిల్స్ శాసనసభ స్థానం ఉప ఎన్నిక ఓట్ల లెక్కింపు 2025 నవంబరు 14న యూసఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియంలో జరిగింది. ఆ ప్రాంగణానికి పొరుగునే ఉన్న రహమత్‌నగర్‌లో అలాంటి రోజున అందరి చూపూ రౌండ్ల వారీ లెక్కలపైనే ఉంటుంది. ఆ సమయంలో ఒక వెబ్‌సైటులోని ‘తాజా వార్తలు’ గడి గంట కిందటి రౌండునే చూపుతూ కూర్చుంటే పాఠకుడు ఏమనుకోవాలి? అసలు వార్త రాసిన సైటులో అంకెలు ఎప్పుడో మారిపోయాయి. వాటిని తెచ్చి చూపాల్సిన గడిలో మాత్రం మార్పు లేదు. తెరపై ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ లేదు. పేజీ చక్కగానే తెరుచుకుంది. పాఠకుడు దాన్నే నిజమని నమ్ముతాడు.

ఎన్నికల లెక్క అయితే సాయంత్రానికి ఎలాగూ తెలిసిపోతుంది. నీటి సరఫరా వేళల మార్పు, ఉద్యోగ దరఖాస్తు గడువు, వాయిదా పడిన చిత్రీకరణ వంటివి ఆలస్యంగా తెలిస్తే జరిగే నష్టం వేరు. సినీ కార్మికులు ఎక్కువగా నివసించే కృష్ణానగర్, రహమత్‌నగర్ పరిసరాల్లో ఒక రోజు పని తప్పితే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు ఎందుకు నిలిచిపోతుంది, దాన్ని తిరిగి కదిలించడం ఎలా అన్నది చిన్న సైట్ల నిర్వాహకులు తెలుసుకోవాల్సిన విషయం.

ఇరవై ఏళ్ల పైబడిన ఏర్పాటు

ఒక సైటులో కొత్తగా చేరిన అంశాల శీర్షిక, లంకె, తేదీ, సారాంశాలను ఇతర కంప్యూటర్లు సులభంగా చదువుకునేలా ఒకే దస్త్రంలో వరుసగా రాసి ఉంచే పద్ధతే ఆర్‌ఎస్‌ఎస్. నెట్‌స్కేప్ సంస్థలో 1999 మార్చిలో దీని తొలి రూపం వచ్చింది. దాని రూపకర్తల్లో ఒకరైన రామనాథన్ గుహ మద్రాసు ఐఐటీ పూర్వ విద్యార్థి. 2002లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 వెలువడింది. ఇదే పనిచేసే ఆటమ్ అనే మరో పద్ధతి 2005 డిసెంబరులో ప్రమాణంగా స్థిరపడింది.

తెలుగులో ఈ ఏర్పాటు విలువ మొదట తెలిసింది బ్లాగర్లకు. 2000 దశకం రెండో భాగంలో కూడలి, జల్లెడ వంటి సంకలినులు వందలాది బ్లాగుల ఫీడులను తెచ్చి ఒకే పుటలో కూర్చేవి. తెలుగు బ్లాగర్లు, ఈ-తెలుగు సభ్యులు అప్పట్లో రహమత్‌నగర్‌కు సమీపంలోని కృష్ణకాంత్ పార్కులో సమావేశమవుతుండేవారు. టపా రాసినా సంకలినిలో ఇంకా రాలేదేమన్న ప్రశ్న ఆనాటి బ్లాగరు ఎవరికైనా పరిచయమే. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడిన తరువాత ఆర్‌ఎస్‌ఎస్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. నేటికీ పాడ్‌కాస్టులు శ్రోతలకు చేరేది ప్రధానంగా ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు ద్వారానే. వార్తా సైట్లు, ఇతర సైట్లలో కనిపించే ‘తాజా శీర్షికల’ గడులు కూడా దానిపై ఆధారపడుతున్నాయి. పాత ప్రశ్న కూడా అలాగే మిగిలింది.

ఈ ‘క్యాష్’ నగదు కాదు

క్యాష్ అనగానే నగదు గుర్తుకొస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు. ఒకసారి తెచ్చిన సమాచారాన్ని మళ్లీ మళ్లీ తెచ్చుకునే శ్రమ లేకుండా దగ్గర దాచిపెట్టుకునే నకలునే కంప్యూటర్ రంగంలో క్యాష్ అంటారు. నీళ్లు వచ్చిన రోజున సంపు నింపి, సంపు నుంచి ట్యాంకుకు ఎక్కించి, ట్యాంకు నుంచి కుళాయికి వదులుకోవడం నగరవాసులకు కొత్త కాదు. కుళాయిలో వచ్చేది ఎప్పటి నీరో కుళాయిని చూసి చెప్పలేం. ఫీడు విషయమూ అంతే. వార్త పుట్టిన చోటుకూ పాఠకుడి తెరకూ నడుమ ఒకటి కాదు, నాలుగు నిల్వలు ఉండవచ్చు.

మొదటిది వార్త రాసిన సైటు సొంత క్యాష్. పేజీలు వేగంగా తెరుచుకోవాలని నిర్వాహకులు పెట్టుకునే ఉపకరణాలు ఫీడును కూడా మామూలు పేజీగా భావించి దాచేస్తుంటాయి. రెండోది దారిలోని నిల్వ. పెద్ద సైట్ల పేజీలను పాఠకుడికి దగ్గరలోని సర్వరు నుంచి అందించే సీడీఎన్ సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. మూడోది ఫీడును తెచ్చి చూపించే సైటు లేదా సంకలిని దగ్గర ఉండే నకలు. నాలుగోది పాఠకుడి బ్రౌజరు లేదా ఫోనులోని యాప్ దాచుకున్న ప్రతి.

వీటిలో మూడోదానిపైనే అనుమానం ఎక్కువగా పడాలి. పీహెచ్‌పీలో ఫీడులను చదవడానికి 2000 దశకంలో విరివిగా వాడిన మ్యాగ్‌పై అనే ఉపకరణం తెచ్చిన ప్రతిని మామూలుగా ఒక గంట దాచుకుంటుంది. సింపుల్‌పై గడువు కూడా గంటే. 2009లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 2.8 నుంచి మ్యాగ్‌పై స్థానాన్ని సింపుల్‌పై ఆధారిత ఏర్పాటు ఆక్రమించింది. అయితే అందులో వర్డ్‌ప్రెస్ పెట్టిన గడువు 12 గంటలు. అంటే నిర్వాహకుడు ప్రత్యేకంగా మార్చకపోతే ఉదయం ఆరింటికి తెచ్చిన శీర్షికలు సాయంత్రం ఆరింటి వరకూ అలాగే ఉంటాయి. అక్కడ చెడిపోయింది ఏమీ లేదు. చెప్పినట్టే పనిచేస్తోంది. వార్తల గడికి ఆ గడువు పనికిరాదంతే.

‘మారిందా?’ అని అడిగే మర్యాద

గడువు ముగిశాక సంకలిని మళ్లీ అసలు సైటును అడగాలి. ప్రతిసారీ దస్త్రం మొత్తం తెచ్చుకోవడం ఇద్దరికీ భారమే. అందుకు ఒక తెలివైన ఒప్పందం ఉంది. ఫీడు పంపేటప్పుడు సర్వరు దానికి రెండు గుర్తులు తగిలిస్తుంది. ఒకటి ‘చివరిగా మారిన సమయం’. రెండోది ‘ఈట్యాగ్’ అనే గుర్తింపు ముద్ర. సంకలిని తరువాతిసారి వచ్చినప్పుడు ఆ రెండు గుర్తులను చూపి, దీని తరువాత ఏమైనా మారిందా అని అడుగుతుంది. మారకపోతే సర్వరు 304 అనే సంఖ్యతో ‘మార్పు లేదు’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. మారితే 200 సంఖ్యతో కొత్త దస్త్రం పంపుతుంది.

దీనివల్ల ఎంత ఆదా అవుతుందో చిన్న లెక్క చాలు. 150 కిలోబైట్ల ఫీడును నిమిషానికోసారి పూర్తిగా తెచ్చుకుంటే రోజుకు 1,440 సార్లు, అంటే 216 మెగాబైట్లు. గంటకోసారి అయితే 24 సార్లు, 3.6 మెగాబైట్లు. ‘మార్పు లేదు’ అన్న జవాబులు వస్తే ఇంకా తక్కువ. అందువల్ల క్యాష్‌ను పూర్తిగా తీసేయడం పరిష్కారం కాదు. అలా తీసేసి నిమిష నిమిషానికీ అడిగితే అసలు సైటు విసిగి 429 సంఖ్యతో ‘మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు’ అంటూ తలుపు మూసేస్తుంది. అప్పుడు ఉన్న తాజాదనమూ పోతుంది.

చిక్కు ఎక్కడంటే ఆ ‘మార్పు లేదు’ అన్న జవాబు తప్పుగా వచ్చినప్పుడు. ఈ లెక్కలన్నీ గ్రీనిచ్ కాలమానంలో జరగాలి. భారత కాలమానం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. సాయంత్రం ఆరింటికి ఇక్కడ పెట్టిన వార్త గ్రీనిచ్ లెక్కలో మధ్యాహ్నం 12.30. ఒక సర్వరు పొరపాటున ‘18.00 గ్రీనిచ్’ అని ముద్ర వేసి పంపిందనుకుందాం. అదే సైటుకు చెందిన రెండో సర్వరు గడియారం సరిగా ఉంది. రాత్రి ఎనిమిదింటికి వచ్చిన కొత్త వార్తకు అది ‘14.30 గ్రీనిచ్’ అని సరైన ముద్రే వేస్తుంది. సంకలిని తన దగ్గరి 18.00 ముద్ర చూపి అడగ్గానే, 14.30 దానికంటే ముందుదే కదా అని ‘మార్పు లేదు’ అన్న జవాబు వచ్చేస్తుంది. రెండు గడియారాల తగాదాలో వార్త గంటల తరబడి ఆగిపోతుంది.

తెలుగు ఫీడుకు ప్రత్యేక చిక్కులు

ఆంగ్ల ఫీడులో కనిపించని కొన్ని ఇబ్బందులు తెలుగులో ఎదురవుతాయి. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు... ప్రతి ఒక్కదానికీ మూడేసి బైట్లు కావాలి. ‘రహమత్’ అన్న చిన్న మాటలో పొల్లుతో కలిపి అయిదు సంకేతాలు, మొత్తం 15 బైట్లు ఉంటాయి.

సారాంశం పొడవుగా ఉండకూడదని కొన్ని సైట్లు మొదటి 200 బైట్ల దగ్గర వాక్యాన్ని కత్తిరిస్తాయి. ఖాళీలు లేని తెలుగు పాఠమైతే 66 సంకేతాలకు 198 బైట్లు సరిపోతాయి. 67వ సంకేతంలో రెండు బైట్లు మాత్రమే మిగిలి, మూడోది తెగిపోతుంది. ఆ తెగిన ముక్క ఏ అక్షరమూ కాదు. ఫీడును చదివే ఉపకరణాలు చాలావరకు అక్కడే ఆగి దస్త్రం మొత్తాన్ని తిరస్కరిస్తాయి. ఒక్క వార్తలో ఒక్క బైటు తెగినందుకు మిగిలిన వార్తలూ ఆగిపోతాయి. బైట్లను కాక అక్షరాలను లెక్కించి కత్తిరిస్తే ఈ బెడద ఉండదు.

రెండోది తేదీ. సైటు భాషను తెలుగుకు మార్చగానే కొన్ని స్వయంగా రాసుకున్న ప్రోగ్రాములు ఫీడులోని తేదీలో కూడా ‘నవంబరు’, ‘శుక్రవారం’ అని తెలుగులో రాసేస్తాయి. ఆర్‌ఎస్‌ఎస్ నియమం ప్రకారం వారం, నెల పేర్లు ఆంగ్లంలో మూడేసి అక్షరాల సంక్షిప్త రూపంలో ఉండాలి. సమయాన్ని భారత కాలమానంలో రాస్తే చివర దాన్ని సూచించే +0530 గుర్తు ఉండాలి. తేదీ అర్థం కాని సంకలిని ఆ వార్తను అట్టడుగుకు తోసేయవచ్చు, వదిలేయనూ వచ్చు. పాఠకుడికి మాత్రం ఫీడు కదలలేదనే అనిపిస్తుంది.

మూడోది అన్ని భాషలకూ ఉన్నదే. శీర్షికలో యాంపర్‌శాండ్ గుర్తును నేరుగా రాసినా, దస్త్రం మొట్టమొదటి పంక్తికి ముందు ఒక ఖాళీ పంక్తి దొర్లినా ఎక్స్‌ఎంఎల్ నియమం తప్పుతుంది. సైటు ప్రోగ్రాములో ఏదో మార్పు చేసిన మరునాడు ఫీడు ఆగితే మొదట చూడాల్సింది ఆ ఖాళీ పంక్తినే.

మౌనమే అసలు ముప్పు

పై తప్పులన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. కొత్త ఫీడు అందకపోతే చాలా ఉపకరణాలు ఖాళీ గడి చూపడం ఇష్టంలేక తమ దగ్గరి పాత నకలునే చూపుతాయి. అది మంచి ఉద్దేశంతో చేసిన ఏర్పాటే. ఆ మర్యాదే తప్పును కప్పిపుచ్చుతోంది. నిర్వాహకుడికి ఫిర్యాదు వచ్చేసరికి మూడు రోజులు గడిచిపోయి ఉండవచ్చు.

ఇలా చాటున జరిగే వైఫల్యాలు మరికొన్ని ఉన్నాయి. సైటు భద్రతా ధ్రువపత్రం గడువు ముగిస్తే ఫీడు తెచ్చే ప్రోగ్రాము వెనుదిరుగుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇచ్చే సాధారణ ధ్రువపత్రాల గడువు 90 రోజులుగా ఉంటూ వచ్చింది. ఆ సంస్థ ఆధారపడిన పాత మూల ధ్రువపత్రం 2021 సెప్టెంబరు 30న ముగిసినప్పుడు, నవీకరించని పాత సర్వర్లు సరైన సైట్లను కూడా నమ్మకుండా తిరస్కరించాయి. అసలు సైటులో లోపం లేకపోయినా, తెచ్చుకునే వారి కంప్యూటరు పాతదైతే చాలు.

యంత్రాల బెడద తప్పించుకోవడానికి సైట్లు పెట్టుకునే కాపలా ఏర్పాట్లు మరో కారణం. ‘మీరు మనిషేనా’ అని పరీక్షించే పేజీ పాఠకుడికి ఒక క్షణం కనబడి పోతుంది. సంకలిని యంత్రమే కనుక ఆ పరీక్ష దాటలేదు. ఫీడు బదులు ఆ పరీక్ష పేజీనే తీసుకుని వెళ్లి, అర్థంకాక పారేస్తుంది. ఫీడు చిరునామాకు ఆ కాపలా నుంచి మినహాయింపు ఇవ్వడం ఒక్కటే మార్గం.

నకలును దాచే ఫోల్డరులో రాసే అనుమతి లేకపోవడం, సర్వరులో చోటు నిండిపోవడం కూడా తరచూ కనిపించే కారణాలే. సైటును ఒక సర్వరు నుంచి మరోదానికి మార్చినప్పుడు ఫోల్డరు యజమాని పేరు మారి ఈ చిక్కు వస్తుంది. ఇక నిర్ణీత వేళకు పనిచేయాల్సిన ‘క్రాన్’ సంగతి. వర్డ్‌ప్రెస్‌లోని సొంత క్రాన్ ఎవరైనా సైటును తెరిచినప్పుడే మేలుకుంటుంది. రాత్రంతా ఎవరూ రాని చిన్న సైటులో తెల్లవారాక మొదట వచ్చిన పాఠకుడికి నిన్నటి శీర్షికలే కనబడతాయి. సర్వరు స్థాయి క్రాన్‌ను పెట్టుకుంటే ఈ లోటు తీరుతుంది.

వరుస తప్పకుండా వెతకాలి

ఫీడు నిలిచిందనగానే అన్ని క్యాష్‌లనూ ఒకేసారి తుడిచేయడం చాలామంది చేసే పని. దానివల్ల ఒక్కోసారి ఫీడు కదులుతుంది. ఎందుకు నిలిచిందో మాత్రం తెలియదు, వారం తిరక్కుండా మళ్లీ నిలుస్తుంది. పుట్టిన చోటు నుంచి పాఠకుడి వరకూ ఒక్కో మజిలీనీ పరీక్షించడమే సరైన పద్ధతి.

* ముందుగా అసలు సైటు ఫీడును బ్రౌజరు ప్రైవేటు విండోలో నేరుగా తెరవాలి. కొత్త వార్త అందులోనే లేకపోతే లోపం వార్త రాసిన సైటుదే. సంకలిని జోలికి వెళ్లనవసరం లేదు.

* ఫీడు చిరునామా చివర ప్రశ్నార్థకం, దాని పక్కన ఏదైనా ఒక అంకె చేర్చి తెరవాలి. అలా చేస్తే కొత్త వార్త కనబడి, మామూలు చిరునామాలో కనబడకపోతే పాత నకలు దారిలోని క్యాష్‌లో ఉన్నట్టే.

* సర్వరు పంపే శీర్ష సమాచారాన్ని చూడాలి. అందులో ‘ఏజ్’ అనే వరుస ఉంటే అది నకలు వయసును సెకన్లలో చెబుతుంది. 5,400 అని ఉంటే గంటన్నర పాతదని అర్థం.

* డబ్ల్యూ3సీ సంస్థ ఉచితంగా అందిస్తున్న ఫీడు పరీక్షా సేవలో చిరునామా ఇచ్చి చూడాలి. తెగిన అక్షరాలు, తప్పు తేదీలు, అదనపు పంక్తులు అక్కడ బయటపడతాయి.

* ఫీడు సవ్యంగా ఉంటే అప్పుడు సంకలిని వైపు చూడాలి. నకలు దస్త్రం చివరిగా మారిన సమయం, ఫోల్డరు అనుమతులు, మిగిలిన చోటు, క్రాన్ నమోదులు వరుసగా పరిశీలించాలి.

* అన్నీ బాగుంటే చివరికి పాఠకుడి యాప్. వార్తను సవరించినా దాని గుర్తింపు సంఖ్య మారదు కనుక, చదివేసిన వార్తేనని యాప్ పక్కన పెట్టేయవచ్చు. సంఖ్య మారిస్తే అదే వార్త రెండుసార్లు కనబడుతుంది. ముఖ్యమైన సవరణను కొత్త అంశంగా ప్రకటించడం మేలు.

గడువు ఎంత పెట్టాలి?

దీనికి ఒకే జవాబు లేదు. నెలకు రెండు వ్యాసాలు రాసే సైటుకు 12 గంటల గడువు ఎక్కువేమీ కాదు. రోజంతా వార్తలు మారే సైటుకు 15 నుంచి 30 నిమిషాలు సమంజసం. ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో నకలును ఎన్ని నిమిషాలు ఉంచుకోవచ్చో ప్రచురణకర్తే సూచించే ‘టీటీఎల్’ అనే గడి ఉంది. అందులో 60 అని రాస్తే గంట అని అర్థం. దాన్ని పాటించే ఉపకరణాలున్నాయి, పట్టించుకోనివీ ఉన్నాయి. అసలు అడిగే పనే లేకుండా, కొత్త వార్త రాగానే సైటే కబురు పంపే వెబ్‌సబ్ పద్ధతిని డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. ఇరువైపులా ఆ ఏర్పాటు ఉంటే జాప్యం నిమిషాల నుంచి సెకన్లకు తగ్గుతుంది.

ఏ పద్ధతిని ఎంచుకున్నా ఏదో ఒక రోజు ఫీడు ఆగక మానదు. ఆ రోజు పాఠకుడు మోసపోకుండా చూడటానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. శీర్షికల గడి కింద ‘చివరిగా తెచ్చిన సమయం’ అని ఒక్క వరుస రాసి, నిర్ణీత గడువుకు రెండింతలు దాటినా ఫీడు అందకపోతే నిర్వాహకుడికి సందేశం వెళ్లేలా చేస్తే చాలు. పాత వార్త చూపడం తప్పు కాకపోవచ్చు. దాని వయసు చెప్పకుండా తాజా వార్త పేరుతో చూపడమే తప్పు.